సురవరము ప్రతాపరెడ్డిగారు – లెక్కకు రానివారి చరిత్ర

ఒక దేశమున నివసించు ప్రజలకు తమ్ము గూర్చి తాము చెప్పుకొను అవకాశము లేనప్పుడు, పరులు వారిని గూర్చి పలికిన మాటయే ప్రమాణమై చెల్లుచుండును. ఆ మాట కొంతకాలము చెల్లినపిదప ఆ ప్రజలే దానిని నమ్మసాగుదురు. పరుల నిందకంటె ఈ నమ్మకమే యెక్కువ హాని చేయును. నిజాము రాజ్యములోని తెలుగువారికి 20వ శతాబ్ది పూర్వభాగమున ఇట్టి స్థితి కలిగినది. దానిని తొలగించుటకు పాటుపడినవారిలో సురవరము ప్రతాపరెడ్డిగారు ముఖ్యులు. వారి ప్రస్తావన వచ్చినప్పుడెల్ల మనవారు 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికను తలంతురు. అది తలంపదగినదే. కాని వారి పని ఆ సంచికతో ముగియలేదు. పదునైదేండ్లకు వారు మరియొక గ్రంథము ప్రకటించిరి. మొదటిది చేయలేని పనిని రెండవది చేసినది. ఈ రెంటిని కలిపి చూచిననే వారి గొప్పదనము తెలియునని మా యభిప్రాయము. అందుకు గల కారణములను చదువరుల యెదుట నుంచుచున్నాము.

నాటి హైదరాబాదు సంస్థానమున 16 జిల్లాలుండెను. అందు 8 తెలుగు జిల్లాలు; తక్కినవి మహారాష్ట్ర, కర్ణాటక జిల్లాలు. జనులలో దాదాపు సగముమంది తెలుగు మాటలాడువారు. అయినను కచేరీలలోను న్యాయస్థానములలోను ఉర్దూయే రాజభాషగా నుండెను. 1918లో నెలకొల్పబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో బోధన ఉర్దూలో జరుగుచుండెను. ఒక దేశభాషలో ఉన్నతవిద్య నేర్పుట ఆ దినములలో సాహసమైన పనియే. అందుకు ఆ విశ్వవిద్యాలయమును మెచ్చవలసినదే. కాని ఆ భాష రాజ్యమందలి అధికసంఖ్యాకుల యింటిభాష కాదు. పల్లెలోని రైతు తన పొలమును గూర్చి కచేరీలో వ్రాయబడిన కాగితమును తాను చదువుకొనలేకుండెను. అందేమి యున్నదో తెలిసికొనుటకు పట్వారి నోటిమాటపై ఆధారపడవలసి వచ్చెను. భాష తెలియకపోవుట ఆ రైతుకు అగౌరవము మాత్రమే కాదు; భూమికిని భుక్తికిని సంబంధించిన నష్టము.

పట్టణములోని విద్యావంతులకు సయితము ఈ అగౌరవము తప్పలేదు. 1921 నవంబరులో హైదరాబాదునందు సంఘసంస్కార మహాసభ యొకటి జరిగెను. స్త్రీవిద్యకై జీవితము ధారవోసిన మహర్షి కార్వేగారు దాని కధ్యక్షులు. ఆ సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగులో ప్రసంగింప లేచినంతనే కొందరు గేలిచేసి అల్లరి చేసిరి. ఇది మూఢాచారపరుల సభలో జరిగినది కాదు. సంస్కర్తల సభలోనే జరిగినది. సంస్కారమును కోరువారి హృదయములలో సయితము పొరుగువాని భాషపై చులకన దాగియుండవచ్చునని దీనివలన తెలియుచున్నది. ఆ రాత్రియే కొందరు తెలుగు సోదరులు కూడి ఆంధ్ర జనసంఘమునకు అంకురార్పణము చేసిరి. మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణము పోసిరి. ఆ సంఘము వెట్టిచాకిరిని గూర్చి చిన్న పుస్తకములు ప్రకటించి, పల్లెవారికి చట్టమేమి చెప్పుచున్నదో తెలియజెప్పెను.

అంతకుముందే బీజము లేదని చెప్పరాదు. 1901లోనే హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజాగారు అందుకు కారకులు. 1922లో ఇనుగుర్తి గ్రామమునుండి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను, నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారు నీలగిరి పత్రికను నడపిరి. అవి ధైర్యముగల పత్రికలు. కాని దీర్ఘకాలము నిలువలేదు. రాజధానియందు నిలుకడగా నడచు తెలుగుపత్రిక యొకటి కావలసియుండెను. ఆ లోటును 1926 మే 10వ తేదీన ఆరంభమైన గోలకొండ పత్రిక తీర్చినది.

ఈ పత్రికకు ఆత్మయైన ప్రతాపరెడ్డిగారు 1896 మే 28న జన్మించిరి. వారి స్వగ్రామము బోరవెల్లి. అది నాడు మహబూబునగరము జిల్లాలోనిది. నేడు జోగులాంబ గద్వాల జిల్లాలో చేరినది. కృష్ణాతుంగభద్రల నడుమనున్న ఆ సీమకు కర్నూలు సమీపము. వారు కర్నూలులోను హైదరాబాదులోను చదివి, మద్రాసులో పట్టము పొంది, న్యాయశాస్త్రము నభ్యసించిరి. సంస్కృతాంధ్రములతో పాటు ఉర్దూ, పారసీ, ఇంగ్లీషు భాషలు వారికి వశములు. ఈ సంగతి గమనింపదగినది. వారు ఉర్దూ రాక ఉర్దూను నిందించినవారు కారు. ఆ భాషను చక్కగా నేర్చి, దాని సొగసు నెరిగి, తమ ప్రజలకు తమ భాష కావలెనని యడిగినవారు. వారి పోరాటము ఒక భాషపై కాదు. ఒక భాషకు చోటులేకుండ చేసిన యేర్పాటుపై.

హైదరాబాదులో వారు తొలుత రెడ్డి విద్యార్థివసతిగృహమునకు కార్యదర్శులై పనిచేసిరి. ఆ గృహమును 1918లో నెలకొల్పినవారు రాజబహద్దరు వేంకటరామారెడ్డిగారు. 1920 మొదలు 1934 వరకు హైదరాబాదు నగరమునకు కొత్వాలు వారే. గోలకొండ పత్రికకును వారి ప్రోత్సాహము లభించినది. ప్రభుత్వమునకు శాంతిభద్రతలు కాపాడు అధికారియే, ఆ ప్రభుత్వమునకు రుచింపని సత్యములను వ్రాయు పత్రికకు అండయై యుండుట వింతగా దోచవచ్చును. కాని సంస్థానములలో ప్రజాజీవనము ఇట్టి సందులలోనే పెరిగినది. నేరుగా నడచుటకు బాటలేని చోట పొలిమేర గట్లవెంట నడవవలసి యుండును. ఆనాడు సభ జరుపవలెనన్నను ముందుగా అనుమతి పొందవలెనని 53వ నంబరు గస్తీ యుండెను. పత్రికకు సయితము ప్రభుత్వపు దయ కావలసియుండెను. అందుచేత గోలకొండ పత్రిక మాట మెత్తగా నుంచి, విషయమును గట్టిగా నుంచెను. ఉద్రేకవాక్యములకు బదులు ఉదాహరణములు, ఆక్రోశమునకు బదులు అంకెలు చూపుట దానికి అలవాటయ్యెను. ఈ అలవాటే వారి తరువాతి గ్రంథములకు పునాది.

1930లో జోగిపేటయందు నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ ప్రథమసమావేశము జరిగినప్పుడు ప్రతాపరెడ్డిగారే అధ్యక్షులు. ఆ సందర్భముననే నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతన ఆంధ్ర మహిళాసభయు జరిగెను. మాతృభాషలో విద్య, బాలికలకు చదువు, బాల్యవివాహముల నిరోధము మున్నగు విషయములు ఆ తొలిసభలలో చర్చకు వచ్చెను. రాజకీయములను సూటిగా ముట్టరాని చోట సంఘసంస్కారమే ప్రజలు కూడుటకు తావయ్యెను. ఇంటిని చక్కబెట్టుకొనుటకు కూడినవారు క్రమముగా ఊరిని, ఊరినుండి రాజ్యమును గూర్చి ఆలోచింపసాగిరి. పదియేండ్లు గడచునప్పటికి ఆ మహాసభయే రైతుల కడగండ్లకు గొప్ప వేదికయైనది.

ఇక కవుల సంచిక మాట. తెలంగాణమునందు కవులు పూజ్యమని ముడుంబ వేంకటరాఘవాచార్యులుగారు వ్రాసిరి. పూజ్యమనగా సున్న. ఇట్టి మాటకు బదులు చెప్పుటకు సాధారణముగా మూడు మార్గములు కలవు. కోపించి నిందించుట మొదటిది. పోతన మావాడు, పాల్కురికి సోమనాథుడు మావాడని పూర్వులను పిలుచుట రెండవది. ఉపేక్షించుట మూడవది. ప్రతాపరెడ్డిగారు వీనిలో దేనిని పట్టలేదు. వారు న్యాయవాదిగా సాక్ష్యమును సేకరింప పూనుకొనిరి. పత్రికాముఖమున ప్రకటించి, జిల్లాజిల్లానుండి కవుల పేరులను, పద్యములను, జీవితవివరములను తెప్పించిరి. 1934లో 354మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువడినది. సున్న యన్నవారికి మూడువందల యేబదినాలుగని సమాధానము వచ్చినది.

ఈ సమాధానమునందలి విలువను మేము రెండువిధముల గ్రహించుచున్నాము. మొదటిది, అందులో కసి లేదు. లెక్క తప్పినవానికి సరియైన లెక్క చూపుట తప్ప మరేమియు లేదు. రెండవది, ఆ సంచికవలన నిందించినవారికంటె నిందపడినవారికే యెక్కువ మేలు కలిగినది. ఆదిలాబాదులోని కవికి నల్లగొండలోని కవి యున్నాడని తెలిసినది. తన యూరిలో తానొక్కడనే పద్యము వ్రాయుచున్నానని తలంచినవాడు, తనవంటివారు వందలకొలది కలరని తెలిసికొనెను. పత్రిక యనునది వార్తలు పంచుట మాత్రమే కాదు. చెల్లాచెదరుగానున్నవారిని ఒక సమాజముగా చేయుటయు దాని పని. ఆ పనిని ఆ సంచిక చేసినది.

అయినను ఇక్కడ ఒక ప్రశ్న వేసికొనక తప్పదు. ఒక ప్రాంతమునకు గౌరవము కలుగుటకు కవుల సంఖ్యయేనా కొలమానము? రాఘవాచార్యులుగారు కవులను లెక్కించిరి. ప్రతాపరెడ్డిగారును కవులనే లెక్కించిరి. లెక్క మారినది గాని కొలత మారలేదు. ఛందస్సు నేర్చుటకు తీరిక కావలెను, గురువు కావలెను, పొట్టకూటికి వెరవు కావలెను. బడి మొగము చూడని తెలంగాణపు పల్లెలలో ఇవి యెందరికుండెను? వెట్టికి మూటలు మోసినవాడు, అధికారి విడిదికి ఉచితముగా కుండలిచ్చిన కుమ్మరి, దొరగారి యింట వడ్లు దంచిన యిల్లాలు ఆ సంచికలో నెట్లు చేరగలరు? వారు పాడిన పాటకు కాగితము లేదు. కాగితము లేనిదానికి లెక్కలేదు. కవుల సంచిక విజయము నిజమైన విజయమే. కాని అది ఎదిరివాని తక్కెడలో గెలిచిన విజయము.

ప్రతాపరెడ్డిగారి ఘనత ఏమనగా, వారు ఆ తక్కెడతో తృప్తిపడలేదు. పత్రికాసంపాదకుని బల్లపైకి పద్యములు మాత్రమే రావు. పల్లెలనుండి వెట్టిని గూర్చియు, పన్నులను గూర్చియు, బడులు లేమిని గూర్చియు జాబులు వచ్చుచుండును. ఏండ్లతరబడి అట్టి సంగతుల మధ్య మెలగినవారికి, చరిత్ర యనగా రాజుల వంశావళి కాదని తోచుట సహజము. రాజులు యుద్ధములు చేయుచుండగా ప్రజలేమి తినిరి? ఏమి కట్టిరి? ఏ పండుగలు జరుపుకొనిరి? ఏ యాటలాడిరి? ఏ వస్తువు ఏ వెలకు కొనిరి? ఈ ప్రశ్నలకు సమాధానముగా వారు వ్రాసినదే ఆంధ్రుల సాంఘిక చరిత్ర. అది 1949లో ప్రకటితమైనది. తూర్పు చాళుక్యుల కాలమునుండి 1907 వరకు, సుమారు తొమ్మిది శతాబ్దుల ప్రజాజీవనము అందు వర్ణింపబడినది.

ఇట్టి చరిత్రకు ఆధారములెక్కడ దొరకును? శాసనములలో దానములు, బిరుదములు ఎక్కువ. కూడు గుడ్డల ప్రసక్తి తక్కువ. అందుచేత వారు కావ్యములను మరియొక చూపుతో చదివిరి. పాల్కురికి సోమనాథుని గ్రంథములలో నాటి ప్రజలు పాడుకొను తుమ్మెదపదములు, వెన్నెలపదములు మున్నగువాని పేరులు కలవు. క్రీడాభిరామమున కాకతీయుల నాటి ఓరుగంటి వీథులు, కోడిపందెములు, డబ్బిచ్చి భోజనము చేయు పూటకూళ్లయిల్లు కనబడును. శుకసప్తతి, హంసవింశతి యనునవి శృంగారకథలని పెద్దలు ఇండ్లలో దాచిపెట్టు పుస్తకములు. ప్రతాపరెడ్డిగారు వానిలోనే రైతు యింటి సామగ్రిని, చేతిపనివారి పనిముట్లను, పిల్లల యాటలను, నగలను, వంటకములను వెదకిరి. కవి అలంకారముకొరకు వ్రాసినదానిని వీరు సాక్ష్యముగా స్వీకరించిరి. నాయికానాయకుల సరసముపై అందరి చూపు నిలిచిన చోట, ఆ గదిలోని దీపపుసెమ్మె ఏ లోహముతో చేయబడినదని యడిగిన పాఠకుడు వీరే యని చెప్పవచ్చును.

ఈ పద్ధతిలో చిక్కులు లేవనలేము. కవి చెప్పినదంతయు కన్నది కాదు. పూర్వకవినుండి గ్రహించినది కొంత, ఊహించినది కొంత యుండును. ఒక పట్టణపు వర్ణనను దేశమంతటికి అన్వయించుట అపాయకరము. పైగా కావ్యములు వ్రాసినవారు ఎక్కువగా అగ్రవర్ణములవారే. వారి కంటికి కనబడిన కుమ్మరి వేరు, కుమ్మరి తన్ను తాను చూచుకొనినది వేరు. తరువాతివారు ఈ లోటులను సవరించుచు ముందుకు సాగవలసినదే. కాని సవరించుటకు తగిన పునాది యొకటి దొరకినది. కుండలు చేయువాని చరిత్రయు చరిత్రయేనని తెలుగునందు ఇంత విస్తారముగా నిరూపించిన గ్రంథము అంతకుముందు లేదు. 1934లో వారు ఎదిరివాని తక్కెడలో గెలిచిరి. 1949లో ఆ తక్కెడనే మార్చివేసిరి.

ఈ రెండు గ్రంథముల నడుమ గడచిన కాలము శాంతియుతమైనది కాదని గుర్తుంచుకొనవలెను. సంస్థానమున సత్యము వ్రాయుటకు చెల్లింపవలసిన వెల యెంతటిదో 1948 ఆగస్టులో లోకమునకు తెలిసినది. ఇమ్రోజ్ అను ఉర్దూ పత్రికకు సంపాదకుడైన షోయబుల్లా ఖాన్ అను యువకుడు, హైదరాబాదు భారతదేశములో చేరవలెనని వ్రాసినందులకు దుండగులచేత నడివీథిలో చంపబడెను. వ్రాసిన చేతిని సయితము వారు నరికిరి. ఆయన ముస్లిము, ఆయన పత్రిక ఉర్దూ పత్రిక. ఆనాటి పోరాటమును రెండు మతముల తగవుగానో రెండు భాషల తగవుగానో చెప్పువారు ఈ మరణమును తప్పక స్మరింపవలెను. నోరుతెరచి మాటలాడు హక్కుకొరకు తెలుగు సంపాదకులును ఉర్దూ సంపాదకులును ఒకే త్రోవలో నడచిరి. ఆ మరునెలలోనే భారతసైన్యములు ప్రవేశించుటయు, నిజాము స్వతంత్రపాలన ముగియుటయు సంభవించెను.

తరువాత ప్రతాపరెడ్డిగారు 1952 యెన్నికలలో వనపర్తినుండి శాసనసభకు ఎన్నుకొనబడిరి. కాని యెక్కువకాలము జీవింపలేదు. 1953 ఆగస్టు 25న మరణించిరి. కేంద్ర సాహిత్య అకాడమీవారు 1955లో బహుమానములు ఇయ్య నారంభించినప్పుడు తెలుగునకు తొలి బహుమానము ఆంధ్రుల సాంఘిక చరిత్రకే లభించినది. దానిని అందుకొనుటకు గ్రంథకర్త లేరు. కవులు సున్న యనిపించుకొనిన ప్రాంతపు సంపాదకుని గ్రంథమునకు, తెలుగుదేశమంతటికి చెందిన ప్రథమగౌరవము కలుగుట న్యాయమైన సంగతి.

వారు తమ గ్రంథమునకు ఆంధ్రుల చరిత్ర యని పేరిడిరి. నాడు ఆంధ్రశబ్దము తెలుగువారందరికి వర్తించుచుండెను. తరువాతి రాజకీయములలో ఆ శబ్దమునకు అర్థము మారినది. 2014లో తెలంగాణము ప్రత్యేకరాష్ట్రమైనది. 2025లో హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు సురవరమువారి పేరు పెట్టుటకు తెలంగాణ శాసనసభ ఆమోదించినది. పేరు పెట్టుట గౌరవమే. అయితే తన ప్రాంతమునకు గౌరవము కావలెనని పోరాడి, ఆ గౌరవము దొరకినపిదప దానిని తెలుగువారందరి చరిత్ర వ్రాయుటకు వినియోగించిన మనుష్యుని పేరది. ఆ పేరును ఒకరిపై మరియొకరు విసరు రాయిగా చేయుట వారి మార్గము కాదు.

మన కర్తవ్యమేమని చదువరులు ప్రశ్నింపవచ్చును. కవులను లెక్కించుట నేడు కష్టము కాదు. వారిని గూర్చిన పుస్తకములు కలవు. లెక్కకు రానివారు నేటికిని కలరు. మన యిండ్లలోని ముదుసళ్లు పాడు దంపుళ్లపాటలు, సాలెమగ్గమునకు సంబంధించిన మాటలు, ఊరి అంగడిలో చెల్లిన కొలతల పేరులు, పాత పద్దుల పుస్తకములలోని ధరలు, ఇవి ఏటేట తరిగిపోవుచున్నవి. ఒక ముదుసలి మరణించినప్పుడు ఒక నిఘంటువులోని కొన్ని పుటలు చినిగిపోవును. వీనిని వ్రాసియుంచుటకు పండితులే కానక్కరలేదు. అక్షరము వచ్చిన ప్రతి గృహిణియు, ప్రతి విద్యార్థియు తన యింట ఒక చిన్న పుస్తకము పెట్టుకొని, విన్న మాటను విన్నట్లు, చెప్పినవారి పేరుతో, తేదీతో వ్రాసియుంచిన చాలును. గోలకొండ పత్రికకు జాబులు వ్రాసినవారును ఇట్టి సామాన్యులే. ఏ ప్రజలను గూర్చియైనను వారికి చరిత్ర లేదని ఎవరైన పలికినచో, కోపింపక, ఆ పుస్తకమును తెచ్చి వారి ముందుంచుట మనకు ప్రతాపరెడ్డిగారు నేర్పిన మర్యాద.